పాత ప్రతుల్లో లేని ఆమె

రెండువేల మూడు ఆగస్టులో ఆరు రోజులు అనంతపురం జిల్లాలో తిరిగి వచ్చాను. వెళ్లొచ్చాక కాలేజీలో అందరూ ఏ గుడి చూశావు, ఏ కోట చూశావు అని అడిగారు. ఏదీ చూడలేదు. బడి వరండాల్లో, ఇళ్ల ముందు అరుగుల మీద కూర్చుని చదివాను, విన్నాను, రాసుకున్నాను. చేసిందంతా అదే. అయినా ఇరవై రెండేళ్లుగా నేను పాఠం చెబుతున్న ఒక కథను ఆ ఆరు రోజుల్లోనే మొదటిసారి సరిగ్గా విన్నాను కాబట్టి, ఆ దారి చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాది తెనాలి పక్క పల్లె. ఒక వేదాంత కళాశాలలో గ్రీకు చెబుతాను. ఆ రోజుల్లో బైబిలును తెలుగులోకి కొత్తగా అనువదిస్తున్న పదకొండుమంది కమిటీలో నేనూ ఉన్నాను. చిత్తుప్రతి తయారయ్యాక దాన్ని పల్లెలకు తీసుకెళ్లి, బైబిలు అలవాటు లేనివాళ్లకు చదివి వినిపించి, వాళ్లచేత మళ్లీ చెప్పించుకోవాలి. అలవాటున్నవాళ్లయితే అర్థం కానిచోట జ్ఞాపకంతో పూడ్చేస్తారు. తెలియనివాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ మన తెలుగు బాగాలేదన్నమాట. విన్నవారి పేరు, వయసు, వాళ్లు చెప్పిన మాటలు ఒక్కొక్కరికి ఒక్కో కాగితం మీద రాయాలి. బోధ చేయకూడదు. ఇదీ నియమం.

మా పనికి మూలం పాత చేతిరాత ప్రతులు. బైబిలులో ఏ పుస్తకానికీ రచయిత స్వయంగా రాసిన కాగితం మిగల్లేదు. ఉన్నవన్నీ నకళ్లు, నకళ్లకు నకళ్లు. హీబ్రూవి ఎక్కువగా తోలు చుట్టలు, గ్రీకువి జమ్ముతో చేసిన పపైరస్ మీదా, తోలు పుస్తకాల్లోనూ రాసినవి. నకలు రాసేవాడు ఒక్కోచోట లైను దాటేస్తాడు, ఒక్కోచోట మాట చేరుస్తాడు. ఏది మొదటిదో తేల్చడానికి ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

యోహాను సువార్తలో ఒక చిన్న కథ ఉంది. పరాయి మగవాడితో తప్పు చేస్తుండగా పట్టుకున్నామని పెద్దమనుషులు ఒక స్త్రీని ఏసు ముందుకు తీసుకొస్తారు. రాళ్లతో కొట్టి చంపాలా వద్దా అని అడుగుతారు. ఆయన వంగి నేల మీద వేలితో ఏదో రాస్తాడు. తప్పు లేనివాడెవడో మొదటి రాయి వేయమంటాడు. ఒక్కొక్కరే వెళ్లిపోతారు. ఈ కథ నాలుగో శతాబ్దంలో తోలు మీద రాసిన రెండు పెద్ద గ్రీకు పుస్తకాల్లో లేదు. అంతకంటే పాత పపైరస్ ప్రతుల్లోనూ లేదు. తర్వాతి ప్రతుల్లో ఉంది. కొన్నిటిలో పక్కన అనుమానపు గుర్తులతో ఉంది, కొన్నిటిలో ఏకంగా వేరే సువార్తలో ఉంది. కాబట్టి దీన్ని అసలు పాఠంలోంచి తీసి, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేయాలని నేనే కమిటీలో ప్రతిపాదించాను. సెప్టెంబరులో దాని మీద ఓటింగు. నా ప్రతిపాదన నెగ్గేలాగే ఉంది.

అనంతపురం: సందు లేని అక్షరాలు

స్టేషనుకు పాస్టరు దేవదానంగారు వచ్చారు. అరవై దాటిన మనిషి, బక్కగా, పొడుగ్గా ఉంటారు. ఆ ఆరు రోజులూ నన్ను తన మోపెడ్ వెనకాల కూర్చోబెట్టుకుని తిప్పింది ఆయనే. ముందు ఉగ్గాని పెట్టించారు. నానబెట్టిన బొరుగులకు, అంటే మరమరాలకు, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. ప్లేటు ఐదు రూపాయలు. మా వైపు బొరుగులంటే పిల్లల చిరుతిండి. ఇక్కడ పెద్దవాళ్లు దాంతోనే రోజు మొదలుపెడతారు. హోటలు బయట ట్యాంకరు దగ్గర బిందెల వరస వీధి మలుపు దాకా ఉంది. బిందె రూపాయి. కాలువ గట్టు మీద పుట్టినదాన్ని, నీళ్లకు ధర చెప్పడం నేను మొదటిసారి విన్నాను.

చిత్తుప్రతికి ఇంకో నకలు కావలసి జిరాక్సు షాపుకు వెళ్లాం. షాపు శెట్టిగారిది. పేజీకి ముప్పావలా. కాగితాల మధ్య పాత గ్రీకు ప్రతి ఫోటో ఒకటి ఉంది, విద్యార్థులకు చూపించేది. శెట్టిగారు మిషను ఆపి దాన్ని వెలుతురుకు పెట్టి చూశారు.

"ఇదేం భాష మేడమ్? కన్నడం కాదు, అరవం కాదు."

"గ్రీకండీ. పదహారు వందల ఏళ్ల కిందట రాసింది."

"మాటకూ మాటకూ మధ్య సందే ల్యాదే!"

"అప్పట్లో అలాగే రాసేవాళ్లు. ఎక్కడ విరవాలో చదివేవాళ్లకే తెలియాలి."

"మా తాత రాసిన తాటాకులూ ఇట్లే ఉండాయి. ఉండండి."

ఇంట్లోంచి ఎర్రగుడ్డలో చుట్టిన కట్ట తెప్పించారు. ఒక పురాణానికి నకలు. చివరి ఆకు తీసి చూపించారు. పురాణం అయిపోయాక అదే చేతిరాతతో ఇంకో నాలుగు వరసలున్నాయి. ఆ ఏడు తమ ఊళ్లో వాన పడలేదనీ, జనం గింజలు లేక ఊరు విడిచిపోయారనీ.

"పురాణంలో మీ ఊరి కరువెందుకండీ?" అన్నాను.

"రాసేటోనికి చెయ్యి ఊరుకుంటాదా మేడమ్? కళ్ల ముందర జనం పోతాంటే!"

"మరి మీరు చదివేటప్పుడు ఆ వరసలు వదిలేస్తారా?"

"యాల ఇడిసిపెడతాం? అదీ చదువుతాం. కాకుంటే, ఇది మా తాత కట్టినాడు అని చెప్పి చదువుతాం." ఆకులు మళ్లీ గుడ్డలో చుడుతూ, "అబద్ధం చెప్పం గదా" అన్నారు.

గార్లదిన్నె: కాలువా, వంకా

రెండోరోజు గార్లదిన్నె పక్క పల్లెలో, బడి వరండాలో ఎనిమిదిమంది ఆడవాళ్లు కూర్చున్నారు. వేరుశనగ పంట పూత దశలో ఎండుతోంది. చేలో పని లేక వచ్చామని వాళ్లే చెప్పారు. (వేరుశనగను ఇక్కడ శనక్కాయ అంటారు. దాని గురించి మాట్లాడకుండా ఇక్కడ ఏ సంభాషణా ముగియదు.) నేను ఒక హీబ్రూ పాట చదివాను. పరాయి దేశంలోంచి తిరిగొచ్చినవాళ్లు, ఎండినచోట నీళ్లు పారినట్టు మా బతుకు మార్చమని దేవుణ్ణి అడిగే పాట.

హీబ్రూ పాత చుట్టల్లో హల్లులు మాత్రమే రాశారు. మన భాషలో అయితే 'కల' అని రాసి ఉంటే అది కలో, కాలో, కూలో, కోలో చదివేవాడే గ్రహించాలి. అంత కష్టపడి ఆ పాట కూడబలుక్కున్నాక, ఆ నీటిదారికి మా చిత్తుప్రతిలో 'కాలువలు' అని వేశాం. వేసిన ముగ్గురం కృష్ణా డెల్టావాళ్లం.

నాగమ్మ అనే ఆమె వెంటనే పట్టుకుంది. "కాలువంటే గవర్నమెంటోళ్లు ఇడిసే నీళ్లు మేడమ్. గేటెత్తితే వస్తాయి, దించితే పోతాయి. దానికి దేవుని యాల అడగల్ల? ఇంజినీరును అడిగితే చాల్దా?"

వరండా అంతా నవ్వింది. "మరి ఏమనాలమ్మా?" అన్నాను.

"వంక అను. ఏడాదంతా ఇసికే ఉంటాది. యాడనో కొండల్లో వాన పడింటాది. ఈడ ఎండ కాస్తానే ఉంటాది, నీళ్లు దభాలున వచ్చి పడతాయి. మా మామ బండీ ఎద్దులూ అట్లే కొట్టకపోయినాయి."

ఆ హీబ్రూ మాటకు అర్థం అదే. కాగితం మీద 'వంక' అని రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

మధ్యాహ్నం నాగమ్మ ఇంట్లోనే రాగిసంగటి, ఊరిబిండి పెట్టారు. ఊరిబిండి అంటే శనక్కాయలు వేయించి నూరిన పచ్చడి. నేను సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని అన్నం నమిలినట్టు నములుతుంటే పళ్లకు అతుక్కుపోయింది. నాగమ్మ కళ్లల్లో నీళ్లొచ్చేట్టు నవ్వింది. "నమలద్దు మేడమ్. మింగు. పచ్చడి అద్దుకోని మింగు!" మూడో ముద్దకు వచ్చింది. సాయంత్రం దాకా ఆకలి వేయలేదు.

కణేకల్: మేక తిన్న పేజీలు

కణేకల్ దగ్గరికి వచ్చేసరికి కళ్లు చల్లబడ్డాయి. కాలువ కింద వరి మళ్లు, గట్ల మీద కొంగలు. మా ఊరు గుర్తొచ్చింది. అదే మండలంలో కాలువ అందని వైపు ఏరు ఎండి, ఇసుక చేల మీదికి గాలికి కొట్టుకొస్తోంది. అక్కడొకరు తన పొలం గట్టు ఎక్కడో చూపించాలని కాలితో ఇసుక తోసి తోసి, కనబడక వదిలేశారు.

నేను గర్వంగా 'వంక' పెట్టి పాట చదివాను. కాలువ కింద రైతులు ఒప్పుకోలేదు.

"వంకలో నీళ్లు చూసి ఎన్నేండ్లాయె మేడమ్!" అన్నాడొకాయన. "మాకు కాలువొచ్చినాకనే అన్నం. కాలువనే ఉండనీ."

నలభై మైళ్ల దూరంలో రెండు పాఠాలు. రెండూ రాసుకున్నాను.

ఆ రోజు సంచీ పక్కన పెట్టి నీళ్లు తాగడానికి లేచాను. తిరిగి వచ్చేసరికి ఒక మేక సంచీలో తల పెట్టి ఉంది. లాక్కునేలోగా రెండు కాగితాలు సగం పైగా దాని కడుపులోకి పోయాయి. మిగిలిన ముక్కలు చూస్తే, అవి నేను పేజీ అడుక్కు తోసెయ్యాలనుకున్న ఆ స్త్రీ కథ ఉన్నవే. జిరాక్సు నకలు అనంతపురంలోనే దేవదానంగారి ఇంట్లో ఉండిపోయింది.

మేకల యజమాని ఎర్రిస్వామి పరిగెత్తుకొచ్చాడు. చేతులు జోడించి, "తప్పయింది మేడమ్. దేవుని కాగితాలా?" అన్నాడు. భయపడుతున్నాడని అతన్ని కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పాను. యాభై ఏళ్ల కిందట ఏసు పుట్టిన దేశంలో ఒక మేకలకాపరి తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వెళ్లి కొండగుహలోకి రాయి విసిరాడనీ, లోపల కుండ పగిలిన చప్పుడైందనీ, ఆ కుండల్లో రెండువేల ఏళ్ల నాటి హీబ్రూ తోలు చుట్టలు దొరికాయనీ అక్కడ చెప్పుకుంటారు.

ఎర్రిస్వామి శ్రద్ధగా విన్నాడు. విని, మేక వైపు చూసి, "అయితే అప్పుడిచ్చిందీ మేకనే, ఇప్పుడు తీసుకుండేదీ మేకనే. సరిపాయె" అన్నాడు.

దేవదానంగారు ఆ మాటకు దారి పొడవునా నవ్వుకుంటూనే ఉన్నారు. నేను పెద్దగా బాధపడలేదు. ఎలాగూ తీసేసే భాగమే అనుకున్నాను. ఆ సంగతి ఆయనతో అంటే మాత్రం నవ్వు ఆపేశారు.

"ఈ పాత ప్రతుల గొడవ పల్లెల్లో ఎత్తద్దు మేడమ్. ఒక కథ ల్యాదంటే, మిగతావీ ల్యావేమో అనుకుంటారు" అన్నారు.

కుందుర్పి వైపు

నాలుగోరోజు కుందుర్పికి పోతూ రెండుసార్లు పంక్చరైంది. రెండుసార్లూ తుమ్మముల్లే. రెండోసారి దగ్గర్లో షాపు లేక మూడు మైళ్లు మోపెడ్‌ను తోసుకుంటూ నడిచాం. ఎర్రనేల, రాళ్లగుట్టలు, మధ్యలో మోకాలెత్తు కూడా లేని వేరుశనగ చేలు. దారిలో ఎదురైన ప్రతి మనిషీ ఆగి, "ఏమప్పా, యాడికి?" అని అడిగారు. మా వైపు కొత్తవాళ్లను అలా అడిగితే తప్పుపడతారు. ఇక్కడ అడక్కుండా పోతే తప్పట. ఒకాయన నా సంచీ తీసుకుని మైలు దూరం మోశాడు. పేరడిగితే, "సంచి మోసేదానికి పేరెందుకు మేడమ్" అని తిరిగి తన దారిన పోయాడు.

ఊరు చేరేసరికి మధ్యాహ్నం రెండైంది. బండలు పరిచిన మిద్దె ఇంటి అరుగు మీద ఆరుగురు ఆడవాళ్లు మాకోసం ఎదురుచూస్తున్నారు. ఇల్లు తిప్పక్కది. అరవై ఏళ్లుంటాయి. నుదుట బొట్టు, చేతికి సగం అరిగిన వెండి కడియం, చూపు సూటిగా ఉంటుంది. వచ్చీ రాగానే, "మేము మీ దేవునిలో కలిసినోళ్లం కాదు. మా ఇంటి దేవుడు మాకుండాడు. ఇనమంటే ఇంటాం" అని చెప్పేసింది. నాకు కావలసింది అలాంటివాళ్లేనని చెప్పాను.

ఒక గంట చదివాను. వాళ్లు తిరిగి చెప్పారు. మజ్జిగ తాగాం. కాగితాలు సర్దుకుంటుంటే తిప్పక్క అడిగింది.

"ఆ ఆడమనిషి కథ ల్యాదా మీ పుస్తకంలో?"

"ఏ ఆడమనిషి?"

"అదే, పట్టుకొచ్చింటారు సూడు. రాళ్లతో కొట్టల్లనంటారు."

"ఆ కాగితాలు మేక తినేసిందమ్మా" అన్నాను.

"ఓస్. నేను చెప్తా రాసుకో" అంది.

తిప్పక్క చెప్పిన కథ

నేను రాసుకున్నది రాసుకున్నట్టే ఇస్తున్నాను.

"ఒక ఊర్లో ఆయమ్మను పట్టుకొచ్చినారు. జుట్టు పట్టుకోని ఈడ్సుకొచ్చినారు. ఆయప్ప నేల మీద ఇసికెలో గీతలు గీస్తాండాడు. వీళ్లు అరస్తానే ఉండారు. ఆయప్ప తలకాయ ఎత్తలా. యాల ఎత్తలా? ఆయమ్మకు బట్ట సరిగా ల్యాదు గదా. ఎత్తితే సూడల్ల. అందుకని ఎత్తలా. మీలో ఏ తప్పూ చెయ్యనోడు ఉంటే వాడు రాయి తీసుకో అన్నాడు. ముందు ముసిలోళ్లు పోయినారు. వాళ్లకు గ్యాపకం ఎక్కువుంటాది గదా. అందరూ పోయినారు. ఇంటికి పో, ఇంగ అట్ల చెయ్యద్దు అన్నాడు. అంతే కథ."

జుట్టు, బట్ట గ్రీకులో లేవు. ముసలివాళ్లు ముందు వెళ్లడం ఉంది. తల ఎత్తకపోవడానికి ఆమె చెప్పిన కారణం నాకు ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ తట్టలేదు.

"ఎవరు చెప్పారు తిప్పక్కా నీకు ఈ కథ?" అన్నాను.

"మా అత్త."

మిగతా ఐదుగురూ మెల్లగా లేచారు. వాళ్లకు ఈ సంగతి తెలుసని అర్థమైంది. ఒకామె వెళుతూ తిప్పక్క భుజం తట్టి వెళ్లింది. దేవదానంగారు లేవబోతే తిప్పక్కే, "కూచో అయ్యా. దాపరికమేముండాది, ఊరందరికీ తెలిసిందే" అంది.

పెళ్లయిన నాలుగేళ్లకు ఆమె భర్త బెంగళూరు పనికి పోయాడు. రెండేళ్లు రాలేదు. ఆ మధ్యలో ఆమె మీద మాట వచ్చింది. ఊరి పెద్దలు పంచాయితీ పెట్టారు. తల గొరిగించి ఊరి బయటకు పంపాలని తీర్మానించారు. మంగలిని పిలిపించారు. కొడుకు ఊళ్లో లేడు కాబట్టి అత్తగారు సరేనంటే పని అయిపోతుంది.

"మా అత్త మంచిది కాదు మేడమ్. నన్ను రోజూ తిట్టేది. ఒగ పూట అన్నం పెట్టేది కాదు. ఆయమ్మ సరే అనక ఏమంటాది అనుకున్నా. నా మీద నేనే ఆశ ఇడిసిపెట్టినా."

ఆ ముందు నెలలో ఆ అత్తగారు ఒక షావుకారి కళ్లంలో విత్తనానికి శనక్కాయలు ఒలిచే పనికి పోయింది. ఇరవైమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని ఒలుస్తుంటే, ఊళ్లు తిరిగే ఒక బైబిలమ్మ మధ్యలో కూర్చుని తనూ కాయలు ఒలుస్తూ కథలు చెప్పేదట. అందులో ఇదొకటి.

"పంచాయితీలో మా అత్త లేచి నిలబడింది. పెద్దోళ్లను ఒగటే అడిగింది. 'ఆ కథలోనూ ఆడదాన్నే తెచ్చినారు. ఈడా ఆడదాన్నే తెచ్చినారు. వాడేడి?' అని. ఏ కథ అన్నారు వాళ్లు. 'ఏ కథయితే మీకేల. వాన్ని తెండి. వానికీ గుండు గీయండి. అప్పుడు నా కోడలికి గీయండి' అనింది. వాడు ఆ పెద్దోళ్లలో ఒగాయన కొడుకే. మంగలోడు పెట్టె సర్దుకోని లేసిపోయినాడు."

ఆ తర్వాత నేను అడగకూడనిదే అడిగాను. "వాళ్లన్న మాట..."

"నిజమే" అంది తిప్పక్క. "నిజమని మా అత్తకూ తెలుసు. ఇంటికొచ్చినాక తలుపేసి నన్ను నాలుగు పీకింది. పీకి, సంగటి పెట్టింది. అప్పుడే చెప్పింది ఈ కథ. మళ్లా చచ్చేదాకా ఆ మాటెత్తల్యా. నా మొగుడొచ్చి అడిగితే, 'నేనుండా గదా ఇంట్లో, నన్నడుగు' అనింది."

ఆమె నావైపు తిరిగింది. "నువ్వు శానా సదువుకున్నావు గదా. నాకొకటి చెప్పు. ఆయమ్మ తర్వాత ఏమైంది? ఇంటికి పోతే ఇంట్లోకి రానిచ్చినారా?"

"రాయలేదు తిప్పక్కా. ఎవరూ రాయలేదు."

"కొత్త పుస్తకంలో అన్నా బాగా రాసినారా ఆ కథ?"

దేవదానంగారు దగ్గారు. ఆ దగ్గు నాకర్థమైంది. కానీ ఆమె తన సంగతి దాచకుండా చెప్పాక, నా సంగతి దాచడానికి నాకు నోరు రాలేదు. పాత ప్రతుల గురించి నాకు చేతనైనంత సులువుగా చెప్పాను. అన్నిటికంటే పాతవాటిలో ఈ కథ లేదనీ, తర్వాత వచ్చిందనీ, దాన్ని కిందికి జరపాలని అడిగింది నేనేననీ చెప్పాను.

తిప్పక్క కడియం తిప్పుకుంటూ ఆలోచించింది. "పాతవాటిలో ల్యాకుంటే ఎవరో తీసేసింటారు" అంది.

"ఎవరు తీస్తారు?"

"మొగోళ్లు. ఇట్లాంటిది ఇంటే ఇంట్లో ఆడోళ్లు భయం ల్యాకుండా చెడిపోతారని."

పదహారు వందల ఏళ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలో ఒక పెద్ద మతాచార్యుడు అచ్చం ఇదే అనుమానం లాటిన్‌లో రాసిపెట్టాడు. భార్యలకు అలుసవుతుందని కొందరు ఈ కథను తమ ప్రతుల్లోంచి తీసేశారని. ఆ వాక్యం మా లైబ్రరీలో నేనూ, ఇంకో ఇద్దరూ తప్ప ఎవరూ చదివి ఉండరు.

అయినా నా చదువు ఒప్పుకోదు. "అలా అన్నవాళ్లున్నారు. కానీ ప్రతులన్నీ చూస్తే అలా అనిపించదు. జనం నోట ఉన్న పాత కథను ఎవరో తెచ్చి అక్కడ చేర్చినట్టుంది" అన్నాను.

"నోట్లో ఉన్నిందా ముందు?"

"ఉండి ఉంటుంది."

"మా అత్త నోట్లో ఉన్నెట్ల."

"అవును."

"సరే" అంది తిప్పక్క. అది ఒప్పుకోవడమో, నన్ను వదిలిపెట్టడమో నాకు తెలియలేదు. లేచి లోపలికి వెళ్లి, బెల్లం, వేయించిన శనక్కాయలు ఒక చిన్న మూటగా కట్టి తెచ్చి నా సంచీలో పెట్టింది.

పొద్దున, బయల్దేరేముందు

ఆ రాత్రి ఆ ఊళ్లోనే ఉండిపోయాం. నియమం ప్రకారం కాగితం మీద పేరు రాయాలి. తిప్పక్క అని రాయబోతే చెయ్యి పట్టుకుంది.

"నా పేరు రాయద్దు. హనుమక్క అని రాయి. మా అత్త పేరు."

"విన్నవాళ్ల పేరే రాయాలి తిప్పక్కా."

"ఇన్నది ఆయమ్మే. నేను ఆయమ్మ దగ్గర ఇన్నా."

హనుమక్క అని రాశాను. వయసు అడిగితే, "పోయిన మనిషికి వయసేంది మేడమ్" అంది. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

తిరిగొస్తూ అనంతపురం పొలిమేరలో దేవదానంగారు మోపెడ్ ఆపి, కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నారు. "ముప్పై ఏండ్లుగా ఆ కథ మీద ప్రసంగం చేస్తాండా మేడమ్. వాడేడి అని నేనొక్కసారీ అడగల్యా."

కమిటీ గదిలో

సెప్టెంబరు సమావేశంలో ముందు 'వంక' ఓడిపోయింది. కోస్తావాళ్లకు వంకంటే సాకు, లేకపోతే దోషం అనే అర్థమొస్తుందన్నారు. నిజమే. 'వాగులు' అని పాఠంలో వేసి, వంకను పేజీ అడుగున పెట్టారు. నాగమ్మ వింటే ఏమంటుందో ఊహించగలను.

తర్వాత ఆ కథ వచ్చింది. నేను లేచి, నా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నానన్నాను. కథను ఉన్నచోటే ఉంచి, పైనా కిందా గీత గీసి, చాలా పాత ప్రతుల్లో ఇది లేదనీ, తర్వాతివాటిలో ఉందనీ అసలు అక్షరాలంత పెద్ద అక్షరాల్లోనే చెప్పాలన్నాను.

హీబ్రూ చూసే పెద్దాయనకు కోపమొచ్చింది. "ఆరు నెలలుగా మీరే కదమ్మా తీసేద్దామన్నది? కొత్త ప్రతేదైనా దొరికిందా?"

"దొరకలేదండీ. సాక్ష్యం ఏమీ మారలేదు. పాతవాటిలో లేదని చెప్పడం మన పని, అది చెబుదాం. కానీ దాన్ని కనబడనిచోటికి తోసెయ్యడం మన పని కాదు."

"ఏం జరిగింది అనంతపురంలో?"

నేను కాగితాల కట్ట ముందుకు జరిపాను. తిప్పక్క సంగతి చెప్పలేదు. కమిటీతో చెప్పమని ఆమె అనలేదు. కాగితం మీద ఆమె చెప్పిన కథ మాత్రమే ఉంది, ఆ భాషలోనే. అది చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. ఒకరు బట్ట సంగతి దగ్గర ఆగి రెండోసారి చదవడం చూశాను.

ఓట్లు ఆరు, ఐదు. కథ నిలిచింది.

కాగితాలు ఫైలు చేసేముందు అధ్యక్షులు ప్రతిదాని మీదా సంతకం చేయాలి. ఆ కాగితం దగ్గర కలం ఆపారు.

"హనుమక్క. వయసు రాయలేదేమమ్మా?"

"ఆవిడ లేరండీ. పోయి చాలా ఏళ్లయింది."

ఆయన నావైపు చూశారు. పోయినవాళ్లు ఎలా విన్నారని అడుగుతారేమో, ఏం చెప్పాలా అనుకున్నాను. అడగలేదు. ఖాళీ గడిలో అడ్డంగా చిన్న గీత గీసి, కింద సంతకం పెట్టి, తర్వాతి కాగితం అందుకున్నారు.